గ్రైండరు కింద పోయిన నంబరు

ఇరవై ఏళ్లు దాటింది, ఒక కాగితం ముక్క నా రేకు డబ్బాలో ఉంది. దానికి బరువెంత? అయినా నా గుండె మీద బండరాయిలా కూర్చున్నది అదే. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివర్లో బాన్సువాడలో నాకు మెకానిక్ షెడ్డు ఉండేది. వచ్చేవన్నీ చెరుకు ట్రాక్టర్లే. ఒకరోజు పక్క ఊరి పటేల్ ఒక పాత కారును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు. రెండే సీట్లు, పైకప్పు లేదు. చనిపోయిన తన అన్న దానితో హైదరాబాదులో రేసులు గెలిచాడని ఆయన చెప్పేవాడు. ఎవరూ నమ్మేవాళ్లు కాదు. పటేల్ గప్పాలు కొడుతున్నాడని టీ కొట్టు దగ్గర నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను.

విప్పి చూశాక నా నవ్వు ఆగిపోయింది. పై రేకుకు అయస్కాంతం అంటుకోలేదు, అదంతా అల్యూమినియం. బరువు తగ్గించడానికి చట్రం నిండా వరసగా రంధ్రాలు. కార్బొరేటర్లు ఒకటి కాదు, రెండు. అమ్మో, పటేల్ చెప్పింది నిజమే! ఇది రేసు కోసమే పుట్టిన బండి. ముందు చక్రం దగ్గర చట్రం మీద కొట్టిన నంబరు కూడా కనిపించింది. ఆర్టీఓ ఆఫీసు కాగితాలకు చేసినట్టే, అలవాటుకొద్దీ దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీశాను. తీసి డబ్బాలో పడేశాను.

హైదరాబాదులో జరిగే పాత బండ్ల రేసుకు పటేల్ తన పేరు పంపాడు. అన్న పేరు ఒక్కసారి మైకులో వినబడాలి, అంతే ఆయన కోరిక. రేసువాళ్లు పంపిన నిబంధనల ప్రకారం బండి తలకిందులైనా మనిషి నలగకుండా వెనక ఇనుప గొట్టం బిగించాను. భుజాల మీదుగా వచ్చే బెల్టులు, బయటి నుంచి కరెంటు ఆపే స్విచ్చు పెట్టాను. బానెట్‌ను కట్టే తోలు పట్టీని చెప్పులు కుట్టే ఆయనతో కుట్టించాం. ఇంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజకు బండి మెరిసిపోవాలని నాకే ఆరాటం. ఇనుప చట్రం మీద తుప్పు ఉన్న చోటల్లా గ్రైండరు పెట్టి, నల్ల రంగు కొట్టి, పసుపు కుంకుమలు పెట్టాను. తుప్పుతో పాటే నంబరూ పోయింది. ఆ రోజు నాకు ఆ సంగతి తట్టనే లేదు.

దీపావళి ముందు హైదరాబాదు నుంచి రేసువాళ్ల తరఫున బండి తనిఖీ చేసే మనిషి వచ్చాడు. అన్నీ చూసి మెచ్చుకున్నాడు. చివరికి చట్రం మీద టార్చి వేసి ఆగిపోయాడు. రేసు బండ్లకు కంపెనీవాళ్లు అక్కడ 'ఆర్' అక్షరంతో మొదలయ్యే వేరే నంబరు కొడతారట. అది లేకపోతే మామూలు బండికి వేషం వేసినట్టేనట, రేసులోకి రానివ్వరట. నా గ్రైండరు తిరిగింది అక్కడేనని నాకు అప్పుడు తట్టింది.

పటేల్ నా వైపు తిరిగాడు. "మేస్త్రీ, బండి మొత్తం ఇప్పినవ్ గదా. గీడ నంబరు ఉండెనా?"

"లేదు పటేలా. మొదటి సంది లేకుండె."

"జర సక్కగ యాద్ జేస్కో."

"లేకుండె."

ఎందుకన్నాను ఆ మాట? డబ్బా నాలుగడుగుల దూరంలోనే ఉంది. కాగితం తీసి చేతికిస్తే చాలు. కానీ ఇస్తే, అరగదీసింది నేనేనని ఒప్పుకోవాలి. పనిమంతుడని పది ఊళ్లలో పేరున్న నేను పటేల్ ముందు, ఆ పట్నం మనిషి ముందు తల దించుకోవాలి. డబ్బాకు అడ్డంగా జరిగి నిలబడ్డాను. ఛీ, నాదీ ఒక బతుకేనా!

పటేల్ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తోలు పట్టీని చేత్తో నిమిరి, "అయితె మా అన్న నాకు గూడ అబద్ధమే జెప్పిండా?" అన్నాడు మెల్లగా.

తర్వాత పటేల్ తన అన్న పేరు ఎత్తడం మానేశాడు. బండిని కొట్టంలోకి తోసి తాటిపత్రి పట్టా కప్పాడు. కొన్నేళ్లకు పోయాడు. పాడె మోసిన నలుగురిలో నేనూ ఒకణ్ణి. పటేల్ ఇంట్లో గోడ మీద ఆయన అన్న ఫొటో ఉండే చోట మేకు మాత్రమే ఉంది. అది చూసి అక్కడే ఏడ్చాను. పటేల్ మీద ప్రేమ అనుకున్నారు అందరూ.

ఇవాళ కాగితం బయటికి తీశాను. పెన్సిలు మసక పడింది, అంకెలు ఇంకా తెలుస్తున్నాయి. ఆర్ రెండు వందల పదిహేడు. ఇన్నేళ్లలో మొదటిసారి పైకి చదివాను. క్షమించమని అడగడానికి ఆయన లేడు, మీరు క్షమించినా అది నాకు చెల్లదు. కానీ చదివాక ఊపిరి కాస్త ఆడింది.

పటేలా, మీ అన్న అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను.