నీలిరంగు కింద నెంబర్లు

మా ఊరి మనుషులు అసలు మనుషులే కారని ఒక పెద్ద ఫోన్ల కంపెనీ తేల్చేసింది. తేల్చి, అందరి ఫోన్లకూ ఒకే పొద్దున తాళం వేసింది. ముందుగా ఒక మాట అడగలేదు. అడగడానికి ఎవరినీ పంపలేదు. ఆ కంపెనీ బోర్డు కట్టుకొని ఆ ఫోన్లు అమ్మినవాణ్ణి నేను.

పత్తికొండకు దగ్గరలో చిన్న ఊరు మాది. నేను బడికి పోలేదు. శెనక్కాయలు కట్టిచ్చిన పొట్లాల కాగితాలు విప్పుకొని, కూడబలుక్కొని అక్షరాలు నేర్చుకున్నా. ఎస్టీడీ బూతు పెట్టిన కాలం నుంచి నాకు అంగడి లోపలి గోడే పుస్తకం. ఎవరి బిడ్డ యాడుండాదో, ఎవరి అల్లుడు ఏ ఊర్లో పని చేస్తాండాడో, ఆ నెంబరు గోడ మీద బొగ్గుతో రాసేవాణ్ణి. మాటిమాటికీ కావలసినవైతే చెరిగిపోకుండా మేకుతో గీసేవాణ్ణి. ఫోను చేయడానికి వచ్చినవాళ్లు పేరు కూడా చెప్పేవాళ్లు కారు. గోడ మీద తమ నెంబరున్న చోటికి వేలు చూపేవాళ్లు, అంతే.

కంపెనీ నన్ను భాగస్వామిని చేసుకున్నప్పుడు కర్నూల్లో హోటలు భోజనం పెట్టి, నెత్తిన టోపీ పెట్టి, ఫోటో తీసింది. తరువాత ఇద్దరు పెయింటర్లు వచ్చి అంగడికి లోపలా బయటా నీలిరంగు కొట్టినారు. గోడ మీద నెంబర్లుండాయి నాయనా అంటే, వాళ్ల వెంట వచ్చిన కంపెనీ పిల్లోడు నవ్వినాడు. అన్నీ ఫోన్లోకి ఎక్కించుకో పెద్దాయనా, ఫోను పగిలినా నెంబరు పోదు, మా దగ్గర పదిలంగా ఉంటాది అన్నాడు. ఎక్కించుకున్నా. ఊరోళ్లవి కూడా నా చేత్తోనే ఎక్కించినా.

ఫోను తెరుచుకోవాలంటే ఖాతా కావాల. ఖాతాకు పుట్టినరోజు కావాల. మా ఊర్లో ఎవరికి తెలుసు పుట్టినరోజు? కరువుకు గంజి కేంద్రాలు పెట్టిన ఏడు, చింతమాను కూలిన ఏడు అంటారు. బడిలో చేరినోళ్లకు అయ్యవారు జూలై ఒకటి రాసినాడు. బడి ముఖం చూడనోళ్లకు ఆధార్ కార్డుకు ఫోటో దింపినోడు జనవరి ఒకటి కొట్టినాడు. కార్డులో ఉన్నదే నేనూ కొట్టినా. ఖాతా మరిచిపోతే కబురు పంపడానికి ఇంకో నెంబరు చెప్పమంటే, అందరికీ నా అంగడి నెంబరే ఇచ్చినా. మా ఊరికి ఏ కబురైనా ముందు నా అంగడికి రావడమే అలవాటు. కంపెనీ మిషనుకు మాత్రం ఇదంతా దొంగల ముఠాలా కనబడింది. అందరికీ అవే రెండు పుట్టినరోజులు, ఒకే నెంబరు, ఒకే అంగడి. నకిలీ ఖాతా అని అందరి ఫోన్ల మీదా పడింది. నా ఫోను మీద కూడా.

ఆ పొద్దున అందరికన్నా ముందు వచ్చింది ఎదురింటామె. నాకు వరసకు చెల్లెలు. మొగుడు పోయినాడు, ఒక్కతే కూతురు. ఆ బిడ్డ నిండు నెలలతో మొగుని వెంట మిరపకాయ కోతకు గుంటూరు పక్కకు పోయింది. ఇట్లాంటప్పుడు అంత దూరం ఏంటికమ్మా అని అందరం అన్నాం. ఈ ఒక్క చేను కాగానే వచ్చేస్తామని పోయినారు. రోజూ సందకాడ తల్లికి ఫోను చేసేది. ముందురోజు మాట్లాడినప్పుడు కాళ్లు వాసినాయని, కండ్లు మసకలు కమ్ముతాండాయని చెప్పిందంట.

"వచ్చేయమని చెప్తా, నెంబరు తీయన్నా" అని ఫోను నా చేతిలో పెట్టింది.

ఎట్లా తీసేది? ఆమె ఫోను తెరుచుకోలేదు, నాదీ తెరుచుకోలేదు. మా ఊరి నుంచి కోతకు పోయినోళ్లందరి ఫోన్లూ నేను అమ్మినవే, అవతల కూడా తాళమే. సిమ్ముల అంగడికి పోతే, నెంబరు చెప్పు వెతుకుతాం అన్నారు. కూలీలను తోలుకపోయే మేస్త్రీది పక్క ఊరు. పోయి చూస్తే ఇంటికి తాళం, ఇంటిల్లిపాదీ కోతలోనే ఉండారు. ఇంకొకరి ఫోను అడుక్కొని కంపెనీకి చేస్తే మిషను గొంతు ఒకటి నొక్కమనింది. నొక్కితే భాగస్వామి నెంబరు చెప్పమనింది. చెప్పినా. ఆ నెంబరు చెల్లదని పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే కర్నూలు పోయినా. జిల్లాకంతా ఆ ఫోన్లు దింపే డీలరు, ఆ రోజు హోటల్లో నా పక్కన కూర్చొని తిన్నోడే. నన్ను చూస్తానే లేచి, తన ఫోను బల్ల మీద బోర్లించి పెట్టి, నన్ను వెనక గోడౌన్లోకి తీసుకపోయినాడు. రెండు కార్లున్న మనిషి, అట్టపెట్టెల సందున నిలబడి గొంతు తగ్గించి మాట్లాడినాడు.

"నువ్వు ఈడికి వచ్చినట్టు యాడా చెప్పాకు పెద్దాయనా. నీ అంగడి నా కింద ఉండాది. నన్ను కూడా ఆపేస్తే నా గతేంది?"

"ఎవరితో మాట్లాడాలో చెప్పప్పా. పోయి ఆ మనిషి కాళ్లు పట్టుకుంటా."

"మనిషా?" అన్నాడు. "ఇన్నేండ్లుగా చేస్తాండా, నేనే ఒకర్ని చూడలేదు."

చివరికి ఒక మెయిలు అడ్రసు చెప్పినాడు. పత్తికొండ నెట్ సెంటర్లో కూర్చొని, మేమంతా ఉండాం, వచ్చి చూసుకోండి, నిండు నెలల బిడ్డ యాడుందో తెలీడం లేదు అని రాయించి పంపినా. బస్సెక్కినా కానీ ఊరు రాకపోతే బాగుండు అనిపించింది. ఆమె నా అంగడి మెట్టు మీద కూర్చోని ఉంటాది. తిట్టినా పడతాను. తిట్టకుండా చూస్తే ఎట్లా?

అట్లే కూర్చోని ఉండాది. నా ముఖం చూసింది. లేచి లోపలికి పోయి, తలుపు పక్కన నీలిరంగు మీద చెయ్యి పెట్టింది.

"మేస్త్రీది ఈడ గీసింటివి గదన్నా. నేను కోతలకు పోయే కాలం నుంచి చూస్తాండా."

నిజమే. ఏండ్ల తరబడి ఆ మేస్త్రీ నెంబరు మార్చలేదు. రంగు మీద వేలు పెట్టి తడిమితే మేకు గీతలు తగిలినాయి. కొడవలి మొనతో గీకడం మొదలుపెట్టినా. మొన లోతుగా దిగి ఒక చోట సున్నం పెళ్ల ఊడి వచ్చింది. ఆ చోటి అంకె ఒకటో, ఏడో తెలీలేదు. సోడా బండాయన దగ్గర వేరే కంపెనీ ఫోనుంటే తీసుకొని, ఒకటి పెట్టి కొట్టినా. ఎవరో అరవంలో కసురుకున్నాడు. ఏడు పెట్టి కొట్టినా. శానాసేపు మోగింది.

"ఎవురు? ఆ పిల్ల అమ్మనా?" మేస్త్రీ గొంతు. "నిన్నటి నుంచి మీ నెంబరు కోసం మేం అడగని మనిషి లేడు. పిల్లకు ఫిట్సు వచ్చినాయి. గుంటూరులో పెద్దాసుపత్రిలో వేసినాం. బయల్దేరండి, నిలబడొద్దండి."

దొరికిన బస్సు పట్టుకొని ఇద్దరం గుంటూరుకు బయల్దేరినాం. నేను కిటికీలోంచి చూస్తాన్నా కానీ ఏ ఊర్లు దాటినామో తెలీదు. మేం చేరేసరికి ఆపరేషను అయిపోయింది. పుట్టిన మగబిడ్డ అద్దాల పెట్టెలో ఉండాడు, పిడికెడు. మర్నాడు తల్లి కండ్లు తెరిచింది. తెరిచి, మొదట అడిగింది ఒకటే.

"ఫోను ఏంటికి చేయలేదమ్మా?"

వాళ్లమ్మ నా పక్కకు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు నిద్రలో వస్తాది.

ఇద్దరూ బతికినారు. పసివాణ్ణి పెట్టెలోంచి తీసి తల్లి పక్కలో వేసినాక నేను ఊరికొచ్చినా. నీలిరంగంతా గీకేసినా. ఇప్పుడు ప్రతి నెంబరూ మేకుతోనే గీస్తాండా. ఎవరి ఫోనైనా టింగుమంటే మాత్రం ఇంకా చేతిలో మేకు ఆగిపోతాది, ఈసారి ఎవరిని లేరంటాదో అని.

కంపెనీ జవాబు వచ్చిందని నెట్ సెంటర్ ఆయన కబురు పెట్టినాడు. పోయి, కాగితం మీద తీయించుకొని, అక్కడే నిలబడి చదివినా. ఉన్నది ఉన్నట్టు రాస్తాండా.

"ప్రియమైన భాగస్వామికి, మీ విన్నపాన్ని జాగ్రత్తగా పరిశీలించాము. మీ ద్వారా తెరిచిన ఖాతాలు నిజమైన వ్యక్తులవని నిర్ధారించలేకపోయాము. ఈ నిర్ణయంలో మార్పు ఉండదు. దయచేసి ఈ సందేశానికి జవాబు రాయవద్దు. ఇక్కడికి వచ్చే జవాబులను ఎవరూ చదవరు."