గోడకు తాటిచెక్క చొక్కా

బస్సులో నా సీటు ఎవరైనా ఆక్రమిస్తే, వాళ్ల సంచీ కూడా నేనే పట్టుకుని నిలబడే రకం. అలాంటివాణ్ణి ఒక గోడ విషయంలో ఏడేళ్లు పగ పట్టాను.

తొంభైల చివర్లో తిరుపతిలో ఒక పెద్ద ఇంజినీరు దగ్గర ప్లాన్లు గీసేవాణ్ణి. సత్యవేడు వైపునుంచి ఒక రైతు వచ్చాడు. తన ఊరి పిల్లకాయలు కూర్చుని చదువుకోవడానికి ఒక హాలు కట్టించాలని ఆయన కోరిక. పొడుగాటి గోడ పడమటికి వస్తుంది. మధ్యాహ్నం దాటితే దానిమీద దోసె పోసుకోవచ్చు.

చలిదేశాల కొత్త కట్టడాలకు బయటివైపు చెక్కలు తొడుగుతారని ఏదో పత్రికలో బొమ్మలు చూసి ఉన్నాను. మన పాత ఇళ్ల వాసాలు తాటివే కదా, ఆ చెక్కనే పలకలుగా కోసి గోడకు నాలుగు వేళ్ల ఎడంగా బిగిస్తే ఎండ చెక్కమీదే ఆగిపోతుంది, మధ్యలో గాలి ఆడుతుంది. కాపు ఉడిగిన చెట్లు మాత్రమే కొట్టి, ఒక్కో చెట్టుకు మూడు టెంకలు పాతితే ఊరికీ నష్టం లేదు. ఇదంతా గొంతు సవరించుకుంటూ చెప్పి, గోడకు చొక్కా తొడిగినట్టన్న మాట అని ముగించాను. ఆ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది.

మా ఇంజినీరు సార్ నా కాలరు వైపు చూశాడు.

"ముందు నీ సొక్కా ఇస్త్రీ చేసుకో అబ్బా," అని, రైతు వైపు తిరిగాడు. "గోడకు సెక్కలు కట్టి మీ ఊర్లో సెక్కభజన చేయిస్తాడంట. ఒక్క వానకే సెదలు పట్టి పొడి రాల్తాది. మనిషికే సేవ లేదు, గోడకు యాడనుంచి తెస్తాడు?"

సార్ నోట సేవ అంటే చేవ. మానులోని గట్టి కట్టెనూ చేవ అంటాం, మనిషిలోని సత్తువనూ చేవ అంటాం. ఒక్క మాటతో సార్ రెంటినీ నరికేశాడు. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ.

నవ్వనిది రైతొక్కడే. వారం తిరక్కముందే వచ్చి, నువ్వు చెప్పినట్టే కట్టమన్నాడు. ఉద్యోగం వదిలి, ఆయన గట్లమీది తాటిమానులతోనే కట్టాను. చెక్క నేలను తాకకుండా రాతిదిమ్మెల మీద నిలబెట్టాను. తడ ఊళ్లో పడవలకు పూసే జీడిపిక్కల నూనె తెచ్చి రెండు పూతలు పూయించాను. తర్వాత వాన కురిసినప్పుడల్లా బస్సెక్కి పోయి, చెదలు లేవని కళ్లారా చూసుకుని వచ్చేవాణ్ణి. చెక్క చెక్కు చెదరలేదు. చిత్తూరు నుంచి కూడా జనం వచ్చి చూశారు, నాలుగైదు పనులిచ్చారు. నాకు మాత్రం కావాల్సింది ఒక్కటే. సార్ ఆ గోడ ముందు నిలబడి నోరు మూసుకోవాలి.

ఆయన చూడనే చూశాడు. చూసి నా దగ్గరికి రాలేదు. రిటైరై సొంతిల్లు కట్టుకుంటూ నేరుగా రైతు దగ్గరికే పోయి ఎనిమిది తాటిమానులు కొన్నాడు. ఆ సంగతి నాకు తిరుపతి సామిల్లులో తెలిసింది. వేరే ఇంటి ద్వారబంధాల కోసం పోయి ఉన్నాను. పనివాళ్లు తాటిమానుల నల్లటి పైభాగమంతా తీసి పక్కన పడేస్తున్నారు. అదేమని అడిగితే, పైపెంకు తీసేసి నడిమి చేవ కోయమని సార్ ఆర్డరట.

టేకుకైనా వేపకైనా చేవ నడుమ ఉంటుంది. తాటికి మాత్రం బయట ఉంటుంది. లోపలిదంతా పీచు, నీళ్లు తగిలితే నానిన అట్ట. ఇంత చదువుకున్న మనిషి, ఏ కూలీని అడిగినా చెప్పే సంగతిని ఎవరినీ అడగలేదు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. అప్పటికి కోసింది రెండు మానులే. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో నా కాలరు గుర్తొచ్చింది. వాళ్లు చేవంతా చెక్కేశారు, నేను మెల్లగా అక్కణ్ణించి చెక్కేశాను.

వానలు పడ్డాయి. సార్ గోడకు తొడిగిన చెక్క ఉబ్బింది, పీచు పీచుగా వేలాడింది. ఆయన లుంగీలో బయట నిలబడి వేలితో పొడుస్తుంటే వేలు లోపలికి పోవడం ఎదుటి టీ అంగడిలోంచి చూశాను. అబద్ధమెందుకు, తియ్యగానే ఉండింది. ఇంకో టీ చెప్పాను.

ఆ తర్వాత సూళ్లూరుపేటలో ఒకరు బడి కడుతూ, అట్లాంటి గోడే కావాలని నన్ను పిలిచారు. మానుల కోసం రైతు దగ్గరికి పోయాను. మజ్జిగ ఇచ్చి, జరిగిందంతా చెప్పాడు. సార్ వచ్చి, పుచ్చుమానులు అంటగట్టినావని తిట్టిపోయాడట. ఈయన ఊరుకోక మిల్లుకు పోయి, పారేసిన చేవ కుప్పను చూసుకున్నాడు. నేను ఆ పొద్దు అక్కడే నిలబడి చూసిన సంగతి మిల్లువాళ్లే చెప్పారు.

"మా తాత పాతిన మానులప్పా అవి," అన్నాడు. "తెలీక కోయించినోడికీ ఇంగ ఇయ్యను, సూసి గమ్మునుండినోడికీ ఇయ్యను."

సార్ నన్నన్న మాట గుర్తుచేయబోయాను. రైతు అప్పటికే గ్లాసు తీసుకుని లోపలికి పోయాడు. సూళ్లూరుపేట బడికి ఇటుక గోడే కట్టాం. పడమటి గదులు కాలిపోతుంటే మధ్యాహ్నం పిల్లకాయలను వరండాలో కూర్చోబెడతారని విన్నాను. చూడ్డానికి పోలేదు.

సార్ చెక్కలు పీకించి తన గోడకు సిమెంటు పూయించుకున్నాడు. ఆ వీధి నాకు చుట్టుదారి. అయినా అటే పోతాను, అక్కడికి రాగానే ఆ సిమెంటు చూసుకోవడానికి స్కూటరు నిదానం చేస్తాను.