అయిందని ఎట్ల తెలుసుకునేది?

మడివాళలో మేము అద్దెకుండే ఇంటి ఓనరు పోయిన నెల చనిపోయారు. కబురు తెలిసేసరికి వైట్‌ఫీల్డ్‌లో మీటింగులో ఉన్నాను. అది ముగించుకునే బయలుదేరాను. ఆయన తప్పుపట్టేవారు కాదు. మొదలుపెట్టిన పేజీ చివరిదాకా చదవాలనేవారు.

వాళ్ళ పెద్దలు దొడ్డబళ్ళాపురంలో నేతగాళ్ళు. ఈయన మాత్రం రిటైరయ్యాక పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని దానితో కుస్తీ పట్టేవారు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ రాయడమని తెలిసినప్పటి నుంచి, లోకంలో అర్థంకాని ప్రతి పేజీకీ నేనే జవాబుదారీ. మెట్ల దగ్గరే పట్టుకునేవారు.

"ఏమప్పా, 'తగిన విలువ ఇవ్వండి' అంటాడే! తగినదేదో తెలిసుంటే వీని పేజీ నేనెందుకు చదువుతా?"

ఒకసారి కింద ఆయన కంప్యూటరు ఆన్ చేయగానే పైన నా ల్యాప్‌టాప్‌కు నెట్ పోయింది. మా ఇద్దరికీ రూటరు ఒకటే. కంప్యూటర్లకు అడ్రసులు పంచేది డీహెచ్‌సీపీ, వెబ్‌సైటు పేరు చెబితే దాని అడ్రసు వెతికిపెట్టేది డీఎన్ఎస్. ఆయన చదివిన పేజీలో రెండూ కలగాపులగంగా ఉన్నాయి. రెండోది మార్చబోయి మొదటిది ఆపేశారు. ఉదాహరణకిచ్చిన అడ్రసునే చేత్తో కొట్టారు. అది నా ల్యాప్‌టాప్‌ది. రెండిళ్ళకు ఒకే డోర్ నంబరు పెట్టినట్టయింది.

"ఉదాహరణ అని చెప్పాల కదప్పా?"

ఆ పేజీలో చెప్పారు, చిన్న అక్షరాల్లో. వేరే అడ్రసు కూడా నాతో చేత్తోనే పెట్టించుకున్నారు. "నా నంబరు నాకుండనీ" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ అడిగేదే అడిగారు: "సరే, అయిందని ఎట్ల తెలుసుకునేది?"

విసుగొచ్చేది. కానీ ఇప్పుడు నేను రాసే ప్రతి మాన్యువల్‌లో "ఇది చేశాక మీకు ఇలా కనిపించాలి" అని ఉంటుంది. ఆ వాక్యం ఆయనదే. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

మొన్న ఆయన భార్య పిలిచారు. కొత్త రూటరు పెట్టాక కంప్యూటరుకు నెట్ రావడం లేదట. హిందూపురంలో మంచం పట్టిన అక్కతో ఆమె రోజూ అందులోనే చూసుకుంటూ మాట్లాడేవారు. కలిపివ్వడం ఆయన పని. చూస్తే, పాత రూటరుకు మాత్రమే సరిపోయే, ఆయన చేత్తో పెట్టించుకున్న నంబరు అలాగే ఉంది. మార్చబోతుంటే ఆమె కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"నువ్వు చెప్పప్పా, నేను ఒత్తుతా. రోజూ నిన్ను పిలిచేకి అయితాదా?"

చెప్పాను. ఆయన నంబరు చెరిపేముందు కొంచెం ఆగారు. చెరిపారు. రూటరే నంబరు ఇచ్చేలా 'ఆటోమేటిక్' ఒత్తి నావైపు తిరిగారు.

"అయిందని ఎట్ల తెలుసుకునేది?"

"మీ అక్క కనిపించాలమ్మా" అన్నాను.

తెర మీద చక్రం చాలాసేపు తిరిగింది. తర్వాత దిండు మీద ఒక ముసలి మొహం.

"ఎవురే పెట్టిచ్చింది?"

"నేనే అక్కా" అన్నారు ఆమె. మౌసు మీది చెయ్యి మాత్రం తీయలేదు.