బూడిద పిట్టకు సరిపడే అద్దం

మా పాప పదమూడో పేజీని రెండుగా చింపిన రోజున దాన్ని ఎవరూ తిట్టలేదు. తిట్టే హక్కున్న మనిషి మా అత్తమ్మ. ఆ పేజీ మీది బొమ్మ గీసింది ఆమే. పాప చేతిలోని సగం కాగితాన్ని మెల్లగా తీసుకుని, మంచం మీదున్న మిగతా సగం పక్కన పెట్టి చూసింది.

"పిట్టను ఇడిచిపెట్టి ఆకాశం కాడ చింపినవ్. చూసే చింపినవ్ తీయ్" అంది.

పాప తలూపింది. నేను మాత్రం గది మూలనున్న ట్రంకు పెట్టె వైపు చూశాను. మిగిలిన ముప్పై తొమ్మిది పేజీలు అందులోనే ఉన్నాయి. పాపకు ఆ పెట్టె గడియ తీయడం అప్పటికే వచ్చేసింది.

అత్తమ్మ థర్మల్ ప్లాంటు కట్టిన కొత్తలో అక్కడి డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరింది. ఇంజనీర్లు మందపాటి షీట్ల మీద పెన్సిల్‌తో గీసిన పటాలపై పలచటి కాగితం పరిచి, ఇంకు పెన్నుతో మళ్లీ గీయడం ఆమె పని. పైపులు, వాల్వులు, బాయిలరు గోడలు. ఒక పటం మారితే పాతది రద్దయ్యేది. రద్దయిన షీట్లను పారేసే ముందు ఆమె అడిగి ఇంటికి తెచ్చుకునేది. వాటి వెనక వైపు తెల్లగా ఉండేది. పొద్దంతా పక్కింట్లో ఉండి తన కోసం ఎదురుచూసిన నాలుగేళ్ల కొడుక్కి, అంటే ఇప్పటి మా ఆయనకి, ఆ తెల్లటి వైపు మీద రోజుకు కొంచెం చొప్పున బొమ్మల కథ గీసింది. ఒక్కో పేజీ పరిచిన దినపత్రిక కంటే కొంచెం చిన్నది.

కథ ఒక బూడిద పిట్టది. అది ప్లాంటు పొగగొట్టం మీద గూడు కట్టుకుని, బూడిద రాలీ రాలీ తన అసలు రంగేమిటో మరిచిపోతుంది. రంగు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. దేవసూగూరు దగ్గర కృష్ణలో మునుగుతుంది. కల్మల చేలల్లో పత్తి మీద పొర్లుతుంది. చివరికి బంగారు రంగు దొరుకుతుందని హట్టి బంగారు గనుల దాకా ఎగిరిపోతుంది. పదమూడో పేజీ అదే. షిఫ్టు దిగి వస్తున్న గని కార్మికుడు అరచేతిలో ఒక రాయి పెట్టి చూపిస్తాడు. ఆ రాయీ బూడిద రంగులోనే ఉంటుంది. "బంగారం గూడ లోపల గిట్లనే ఉంటది" అంటాడు. నలభయ్యో పేజీలో పిట్టకు రంగు వేయకుండా ఒట్టి గీతలే గీసి, నీకు నచ్చిన రంగు వేసుకోమని కొడుక్కి ఇచ్చిందట. ఆయన బూడిద రంగే వేశాడు.

నేను కాలేజీలో కామర్స్ చదివాను, బొమ్మల గురించి నాకేమీ తెలియదు. అయినా పెళ్లయిన కొత్తలో ఆ పేజీలు మొదటిసారి చూసినప్పుడు ఒక్కోదాన్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూశాను. ఆ పొగగొట్టం గీతలో ఎక్కడా చెయ్యి తడబడిన గుర్తు లేదు. తప్పు పోయిన చోట చిన్న కాగితం ముక్కను మైదా పిండితో అంటించి, దాని మీద మళ్లీ గీసింది. వేలితో తడిమితే తప్ప అతుకు తెలియదు.

ఇప్పుడా కాగితాలు గోధుమ రంగుకు తిరిగాయి. అంచులు పట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. అత్తమ్మ కళ్లు మునుపటిలా లేవు, ఆ పేజీలు మళ్లీ గీసేవాళ్లు లేరు. ఇంకొక్క పేజీ పోయేలోపు అన్నింటినీ కంప్యూటర్లోకి ఎక్కించాలని పట్టుబట్టాను. ముందు ఫోనుతో ఫోటోలు తీశాను. అత్తమ్మ ఫోనును ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"చిమ్నీ వంగింది."

"ఫోనులో కొంచెం అట్లనే వస్తది అత్తమ్మా."

"నా చిమ్నీ వంగది" అని ఫోను తిరిగి ఇచ్చేసింది.

తర్వాత ఒక పేజీని చుట్టి పెద్ద ప్రింట్లు తీసే దుకాణానికి పట్టుకెళ్లాను. వాళ్ల యంత్రం కాగితాన్ని రబ్బరు రోలర్ల మధ్య నుంచి లాక్కుంటుంది. పెళుసు కాగితం, పైన అంటించిన ముక్కలు. పేజీని బయటికి తీయకుండానే ఇంటికి తెచ్చాను. ఇక మిగిలింది కాగితం కదలకుండా పడుకుంటే, దీపమే దాని కింద నడిచే ఇంటి స్కానరు.

బజారులో కంప్యూటర్ సామాను అమ్మే ఆయన మాకు తెలిసిన మనిషే. కన్నడం మాట్లాడే మా ఊళ్లో తాతల నాటి నుంచి వ్యాపారంలో ఉన్న తెలుగు కుటుంబం. నేను పేజీ కొలతకు కత్తిరించిన పాత క్యాలెండర్ కాగితాన్ని బల్ల మీద పరిచాను. బల్ల నిండిపోయింది.

"గిది కాగితమా అక్కా, పెండ్లి పందిరా?"

"దీన్ని స్కాన్ చెయ్యాలె అన్నా."

"గింత అద్దమున్న మెషీన్ ఇంట్ల పెడితే, మీరు బయట పండుకోవాలె."

పెద్ద రకం స్కానరు హైదరాబాదు నుంచి తెప్పించవచ్చన్నాడు. కానీ దాని అద్దం మీద కూడా మా పేజీలో సగమే పడుతుంది. మామూలు సైజువి రెండు తీసి చూపించాడు. ఒకటి పలకలా సన్నగా, అందంగా ఉంది. రెండోది పాత రకం, మందంగా, బరువుగా ఉంది. సన్నదాని మీద మనసు పోయింది. పాప మీద పడినా దెబ్బ తగలదని కూడా అనుకున్నాను. అంటించిన ముక్కల సంగతి చెబితే, ఆయన గల్లాపెట్టె కింద నుంచి ఉబ్బెత్తు అక్షరాల పెళ్లి పత్రిక ఒకటి తీసి రెండింటి మీదా పెట్టి చూపించాడు. సన్నదానిలో అద్దానికి తగిలిన అక్షరాలే స్పష్టంగా వచ్చాయి. వాటి చుట్టూ మసక. మందపు దానిలో ఎత్తూ పల్లమూ రెండూ తేటగా వచ్చాయి.

"సన్నది ఆనించిందే చూస్తది, లావుది జర దూరం గూడ చూస్తది" అన్నాడు.

నేను వేలితో అద్దం అంచు తడిమాను. చాలా స్కానర్లకు అద్దం చుట్టూ చట్రం గట్టులా లేచి ఉంటుంది. పెద్ద పేజీ ఆ గట్టు మీదికెక్కి లేస్తుంది. మందపు దానికి మూడు వైపుల గట్టు లేదు, మూత కూడా ఊడివస్తుంది. అన్నీ బాగున్నాయి. కానీ దానితో ఒక్కో పేజీని ఆరు ముక్కలుగా తీసి, కంప్యూటర్లో అతకాలి. పిట్ట రెక్క ఒకచోట, పొగగొట్టం ఇంకోచోట తెగితే? ఆ గీతలు నా చేతిలో విరిగిపోతే? ఇంట్లో అడిగి వస్తానని చెప్పి వచ్చేశాను.

ఇంటికి వచ్చి జరిగిందంతా చెప్పాను. అత్తమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ వింది. ఆమె వేళ్లతోనే ఏరుతుంది, కళ్లతో కాదు.

"ఆరు ముక్కలైతే ఏంది?" అంది.

"అతుకులు కనిపిస్తయి అత్తమ్మా."

"ఇప్పుడు కనిపిస్తున్నయా?"

నాకు అర్థం కాలేదు. ఆమె లేచి వంటింట్లోంచి కూరగాయలు కోసే చెక్క పీట తెచ్చింది. "ఆఫీసుల పెద్ద బోర్డు. ఇంట్ల నాకు ఇదే బోర్డు. గంత షీటు దీని మీద యాడ పడుతది? ఒక్క ముక్క గీసి, జరిపి, ఇంకో ముక్క గీసేది. ఒక్కొక్క పేజీ ఆరు జరుపుళ్లు. జరిపేటప్పుడు లెక్క తప్పకుండ ప్లస్‌లు పెట్టుకున్న. చూడు, అంచుల పొంటి ఉంటయి."

ముందు వారం నుంచీ నేను స్కానింగ్‌కి సిద్ధం చేస్తున్నానని, మెత్తటి రబ్బరుతో పేజీల మురికి తుడుస్తున్నాను. అంచుల వెంట పెన్సిల్‌తో సన్నగా ప్లస్ గుర్తులు ఉండేవి. పిచ్చిగీతలనుకున్నాను. పదకొండు పేజీల మీద ఒక్కటి కూడా మిగలకుండా తుడిచేశాను.

చెప్పేశాను. చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను.

"అన్నీ శుభ్రంగ తుడిచినవా?"

"అన్నీ."

"పనిమంతురాలివే. మా సూపర్‌వైజర్ సుతా గిట్లనే తుడిచేటోడు" అని నవ్వింది. "ఒకటో పేజీ తే."

తెచ్చాను. ఆమె దాన్ని తిరగేసి, పాత బాయిలరు పటం ఉన్న వైపు పైకి పెట్టి, చూపుడువేలితో అంచు వెంట మెల్లగా నడిచింది. ఒకచోట ఆగింది. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టింది. ఆవగింజలో సగం కూడా లేని బొడిపె. కంపాసు సూదితో పొడిచిన చుక్క.

"పెన్సిల్‌ను నమ్ముతరా ఎవరన్న? ముందుగాల సూది, దాని మీద పెన్సిల్."

అలా పేజీ అంతా తడిమి పన్నెండు చుక్కలూ చూపించింది. ఏ చుక్క కోసమూ వెనక్కి వెళ్లి వెతకలేదు. ఎన్నో ఏళ్ల కింద తాను పొడిచిన చోటు ఆమె వేలికి గుర్తుంది. నేనైతే నిన్న పాప మందు సీసా ఎక్కడ పెట్టానో ఇవాళ వెతుక్కుంటాను.

మరునాడు మందపు స్కానరే తెచ్చాను. మొదటి ముక్క తీస్తే రెండు కష్టాలు కనిపించాయి. వెనక వైపున్న బాయిలరు పటం పిట్ట ఒంట్లోంచి లేతగా కనిపించింది. సూది చుక్కలు మాత్రం కనిపించలేదు. అత్తమ్మ ట్రంకులోంచి, పేజీల మధ్య పెట్టి దాచుకున్న నల్ల కాగితం ఒకటి తీసి ఇచ్చింది. ఆఫీసులో ప్రింటు కాగితానికి వెలుతురు తగలకుండా చుట్టి వచ్చేదట అది. దాన్ని పేజీ వెనక పరిచి మళ్లీ తీశాను. బాయిలరు మాయమైంది. తెల్లటి అంచు మీద సూది బెజ్జాలు నల్లటి చుక్కలుగా తేలాయి. తెర మీద చుక్క మీద చుక్క పెట్టి ముక్కలు కలిపాను. పొగగొట్టం కింది నుంచి పై దాకా ఒకటే గీతగా నిలబడింది.

అత్తమ్మ తెర దగ్గరికి వచ్చి, పెద్దది చేయమని, చాలాసేపు చూసింది.

"వంగలే" అంది.

మూడు వారాలు పట్టింది. పాప మధ్యాహ్నం పడుకున్నప్పుడు రెండేసి పేజీలు. ఇది రాస్తున్న ఈ రాత్రికి ముప్పై తొమ్మిది పేజీల కాపీలు మూడు చోట్ల భద్రంగా ఉన్నాయి. మూడు చోట్లా ఉన్నాయో లేదో ఇందాకే ఇంకోసారి చూసి వచ్చాను.

పదమూడో పేజీని చివరికి వదిలాను. దాన్ని ఇవాళ పగలు బయటికి తీశాం. స్కాన్ చేశాక రెండు సగాలనూ తెర మీద దగ్గరికి చేర్చి, చిరుగు కనిపించకుండా చెరిపేస్తానన్నాను. అది చేయడం ఈ మూడు వారాల్లో నేర్చుకున్నాను.

"వద్దు" అంది అత్తమ్మ. "పెద్ద పటం ఒక షీటుల పట్టకపోతే రెండు షీట్ల మీద గీస్తం. కలిసే కాడ గీసే గీతను మ్యాచ్ లైన్ అంటం. దాన్ని ఎవరూ చెరపరు. చెరిపితే రెండో షీటు యాడిదో తెల్వదు."

కంపాసు తెమ్మంది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని పిడికిలి మీద తన చెయ్యి వేసి, చిరుగుకు అటొకటి ఇటొకటి సూదితో చుక్కలు పొడిపించింది. నేను సూది పాపకు గుచ్చుకుంటుందేమోనని చూస్తూ నిలబడ్డాను. గుచ్చుకోలేదు. తర్వాత నా చేతికి పెన్సిల్ ఇచ్చింది.

"నువ్వు తుడిచినవ్ గద. ప్లస్‌లు నువ్వు పెట్టు."

పెట్టాను. కొంచెం వంకరగా వచ్చాయి. రబ్బరు అందుకోబోతే ఆమె దాన్ని తీసి తన కొంగున కట్టుకుంది.