బోరబండ డాక్టరమ్మ

ఫిల్మ్ నగర్‌లో బస్సెక్కి నా నవల ప్రూఫులు దిద్దుకుంటుంటే, పక్కసీటావిడ మెడ సాచి చదవసాగింది. ఈ పేటలో కథలు కొట్టేసేవాళ్లకు కొదవ లేదు. కాగితాలు బోర్లించాను.

“దాస్తవేందక్కా? మా యాస కనబడితే సదువుతున్న. నీ కథల పనామె, డాక్టరమ్మ ఇద్దరిదీ బోరబండనే గద? మరి పనామె ఒక్కతే గిట్ల మాట్లాడుతదేంది?”

“డాక్టర్లు అలా మాట్లాడరమ్మా,” అన్నాను.

“మా బిడ్డ డాక్టరే. ఇంట్లనైనా దవాఖాన్లనైనా గిట్లనే మాట్లాడతది.”

నా కథ లాగడానికి వేసిన ఎర అనుకున్నాను. ఆవిడ దిగేదాకా వాదించాను. “రాసేటిదానివి, నీ ఇష్టం,” అని నవ్వి దిగిపోయింది.

ఆవిడ కూతురు డాక్టరంటే నాకిప్పటికీ నమ్మకం లేదు. అచ్చయిన పుస్తకంలో మాత్రం మా డాక్టరమ్మ, “ఫికర్ చెయ్యకు, జర నోరు తెరువు,” అంటుంది.