గాలి లేని రోజున తిరిగిన రెక్కలు

ఎనోక్ డ్రూరీకి కుదురన్నది పుట్టుకతోనే లేదు. ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఆ చుట్టుపక్కల గాలిమరలన్నీ అతని చేతి మీదుగా లేచినవే. ఆదివారం ప్రార్థనలో కూర్చున్నా, బయట గాలి జోరందుకుంటే చాలు, ఏ మరకు ఏమవుతోందోనని ప్రసంగం మధ్యలో లేచిపోయేవాడు. అతని భార్యకు అన్నయ్యే అయిన జోసయా మాలిండర్‌ది ఇనుము పోతపోసే పని. ఇద్దరూ కలిసి ‘డ్రూరీ అండ్ మాలిండర్, మరల మేస్త్రీలు, ఇంజనీర్లు’ అని బోర్డు కట్టారు. చెక్కపని ఇతనిది, ఇనుపపని అతనిది. చాలా ఏళ్లు కాడికట్టిన ఎడ్లలా నడిచారు. తర్వాత ఆవిరి ఇంజన్లు వచ్చిపడ్డాయి.

"బావా, హన్నా బ్రాక్ పిండిమర కింద ఇంజను పెడుతున్నాం. అది సరిగ్గా ఆడిందా, బోర్డు మీద మరల మేస్త్రీలన్న మాట చెరిపేద్దాం," అన్నాడు జోసయా.

"చెరిపేస్తే నేనేం చెయ్యాలి? నీ కొలిమికి బొగ్గు మొయ్యనా?"

"ఊరికే తిరుగుతూ ఉండు. అది నీకు బాగా వచ్చుగా!"

ఆ మాట ఎనోక్‌కు ముల్లులా దిగింది. పరీక్ష రోజున కాలుగాలిన పిల్లిలా నిచ్చెన ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. ఆకు కదలని రోజది. ఇంజను బుసకొట్టింది. పిండి విసిరే రాళ్లు కదిలాయి. వాటితోపాటు పైన రెక్కలూ గిర్రున తిరగసాగాయి.

"ఓ జోసయా! మీ ఇంజను ఊరికి గాలి విసురుతోందయ్యా! ఉండండి, బట్టలు ఆరేసుకుంటాం!" అని కేకేసింది చూడ్డానికొచ్చిన చాకలామె. జనం పగలబడి నవ్వారు.

పై చక్రానికున్న చెక్క పళ్లు నాలుగు పీకేస్తేనే రెక్కలకూ రాళ్లకూ సంబంధం తెగుతుంది. పీకాల్సింది ఎనోక్. అతను పళ్లు పీకలేదు సరికదా, రెక్కలు తిరక్కుండా పట్టి ఉంచే కట్టు కూడా విప్పేశాడు.

జోసయా ఇంజను ఆపి పరుగున వచ్చాడు. "నా పరువు తియ్యాలని కావాలనే చేశావు!"

"కాదు బావా, ఒట్టు. రాళ్లు తిరగాలంటే ముందు రెక్కల కట్టు విప్పడమే ఈ చేతులకు అలవాటు. రెక్కల్లేకుండా రాళ్లు తిరుగుతాయన్న ఊహే నా బుర్రకెక్కలేదు."

జోసయాకు కోపం చల్లారి జాలేసింది. అంతకంటే అతను తిట్టినా బాగుండుననిపించింది ఎనోక్‌కు. పైకెక్కి పళ్లు పీకి వచ్చాడు. ఈసారి రెక్కలు కదల్లేదు. రాళ్లు తిరుగుతూనే ఉన్నాయి.

హన్నా బ్రాక్ పిండిని బొటనవేలితో నలిపి చూసింది. "గాలికి ఆడిన పిండికీ దీనికీ ఏం తేడా లేదు. మరి ఈ రెక్కలెందుకు మేస్త్రీ? తుపానొస్తే నా నెత్తిన పడటానికా?"

అందరూ ఎనోక్ వైపే చూశారు.

"దించేద్దాంలే అమ్మా," అన్నాడు చివరికి. "ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనియ్యకు. ఎక్కించినవాణ్ణి, నేనే వచ్చి దించుతా."