పాట కింది మాట

పెళ్ళి వీడియోలో పెళ్ళివాళ్ళ మాట ఒక్కటి కూడా వినపడకూడదన్నది ఆ రోజుల్లో మా వృత్తిధర్మం. వాకిట్లో పన్నీరు చల్లడం మొదలు అప్పగింతల దాకా అందరూ నోళ్ళు కదుపుతూనే ఉంటారు, పైన మాత్రం సినిమా పాట నడుస్తుంటుంది. పెళ్ళికూతురి తల్లి ఏమని ఏడ్చిందో ఎవరికీ తెలియదు, ఏ పాటకు ఏడ్చిందో మాత్రం తెలుస్తుంది (మేం వేసిన పాటకు). మదనపల్లెలో మా అక్క మొగుడు నడిపే వీడియో స్టూడియోలో మిక్సింగు పనికి కుదిరిన మొదటిరోజే నాకు ఈ ధర్మం బోధపడింది. డిగ్రీ అయి ఇంట్లో ఖాళీగా ఉన్నవాణ్ణి, ఏదో ఒక పని అంటగట్టకపోతే చెడిపోతానని మా అక్క నన్ను అక్కడ కూర్చోబెట్టింది. చెడిపోవడానికి కూడా తీరిక లేకుండా పోయింది.

మా బావకు కెమెరా పట్టడం వచ్చు గానీ సర్దడం రాదు. తీసిందంతా దాచడానికి మూడు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు ఉండేవి. వాటి మీద స్కెచ్ పెన్నుతో మదనపల్లె, పుంగనూరు, కుప్పం అని రాసిపెట్టాడు, ఏ వైపు పెళ్ళిళ్ళు ఆ డిస్కులో వెయ్యాలని. ఆ నియమం తర్వాతి మూఢం దాకా కూడా నిలవలేదు. ఎందులో చోటుంటే అందులో పోసేవాడు. ఇక కంప్యూటరుకు ఉన్నవి నాలుగు యూఎస్‌బీ పోర్టులు. ఒక ఆయుధపూజ నాడు మా బావకు భక్తి ముదిరి, డబ్బాకు పెట్టిన బొట్టుతో తృప్తిపడక, ముందువైపు పోర్టులు రెంటికీ వేలితో గంధం అద్ది కుంకుమ పెట్టాడు. "కరెంటు పారేది ఈడే కదరా, అమ్మవారు సూసుకోవాల్సింది గూడా ఈడే" అన్నాడు. గంధం లోపల ఎండి బిగుసుకుపోయింది, ఆ రెండు పోర్టులూ ఆ పూజతో సరి. వెనకవైపు మిగిలిన రెంటిలో ఒకటి కీబోర్డుకు, ఇంకొకటి మౌస్‌కు. డిస్కు పెట్టాల్సి వచ్చినప్పుడల్లా కీబోర్డు పీకేసి, ఒంటి మౌస్‌తో నెట్టుకొచ్చేవాణ్ణి.

ఆషాఢంలో ఒకనాడు, పెళ్ళిళ్ళు లేక మేమిద్దరం ఈగలు తోలుకుంటుంటే, కుప్పం నుంచి ఒకామె వచ్చింది. ఆమెది పుంగనూరు పుట్టిల్లు, పెళ్ళి అక్కడే జరిగింది, వీడియో మేమే తీశాం. ఆమె తండ్రి పోయి ఇంకా మూడు నెలలు కాలేదు. ఆయన గొంతు ఆమె దగ్గర ఎక్కడా లేదు. మా వీడియోలో మాత్రం భోజనాల బంతిలో ఆకు ముందు కూర్చుని, కెమెరా వైపు చూసి ఏదో అంటాడు. దాని మీద మా పాట హోరెత్తిపోతూ ఉంటుంది. ఆ పాట ఎత్తేసి మాట ఇమ్మని అడగడానికి బస్సెక్కి వచ్చింది.

"పెదాలు సూసి సూసి నాకు ఏదేదో వినబడతాండాదన్నా. నిజంగా ఏమన్న్యాడో తెలిస్తే సాలు" అంది మా బావతో.

పాటతో కలిపి తయారుచేసేశాక అందులోంచి మాటను విడదీయలేం. కెమెరాలో తీసిన అసలు ముక్క దొరకాలి. వేల ముక్కల్లో అది ఏదో చెప్పగలిగింది మేం ఎడిటింగు చేసుకున్న ఫైలు ఒక్కటే. వెతికితే ఆ ఫైలు మదనపల్లె డిస్కులో తేలింది. ముహూర్తం పుంగనూరు డిస్కులో ఉంది. భోజనాలు ఏ డిస్కులో ఉన్నాయో అంతు చిక్కలేదు గానీ, మిగిలింది కుప్పం ఒక్కటే. ఆ ఫైలేమో మూడు డిస్కులూ ఒకేసారి కనపడితే తప్ప తెరుచుకోనని మొండికేసింది. మాకున్నవి రెండు పోర్టులు, అందులో ఒకటి మౌస్‌కు. మా బావ రెండూ పీకి డిస్కులు పెట్టి చూశాడు, ఇక నొక్కడానికి ఏమీ లేక ముగ్గురం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. తర్వాత మొబైల్ అంగడికి పోయి, ఒక పోర్టును నాలుగు చేసే హబ్బు కొనుక్కొచ్చాను. మూడు డిస్కులూ తగిలించగానే దానికి నీలం లైటు వెలిగింది, డిస్కులు కనపడ్డాయి, వెంటనే మాయమయ్యాయి. ఒక పోర్టులోంచి వచ్చే కరెంటు మూడింటికి చాలడం లేదు. ఆ లైటే కరెంటంతా తాగేస్తోందని మా బావ దాని మీద నల్ల టేపు అంటించాడు. మళ్ళీ పెట్టాం, మళ్ళీ మాయం. ఈసారి కుప్పం డిస్కు లోపల టిక్కు టిక్కుమని కొట్టుకోసాగింది. ఆ చప్పుడు అర్థమయ్యేపాటి అనుభవం అప్పటికే నాకుంది. ఇలాగే ఇంకోసారి ఆగిపోతే అది మళ్ళీ లేవదని, దాంతో పాటు ఆ పెద్దాయన మాట కూడా పోతుందని చెప్పాను. నిజంగానే భయం వేసింది. ఆమె ఆ డిస్కును చేతిలోకి తీసుకుని, ఒళ్ళు కాలే బిడ్డను పట్టుకున్నట్టు అరచేతితో తడిమింది. కింద పెట్టమని చెప్పలేక, నేనే ఆమె చేతిలోంచి తీసుకున్నాను.

గోడలోంచి సొంతంగా కరెంటు తీసుకునే హబ్బు మదనపల్లెలో దొరకలేదు. బెంగళూరుకు పోయే టమోటా లారీ డ్రైవరుతో మా బావ తెప్పించాడు, మరుసటి వారం ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి మా బావ దేన్నీ ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు (బొట్టు పెట్టే ఊసు కూడా ఎత్తలేదు). మూడు డిస్కులూ నిలిచాయి. ఫైలు తెరిచి, పెద్దాయన ఉన్న ముక్కను పట్టి, పాట తీసేశాను.

ముందు ఆకుల చప్పుడు, గిన్నెల మోత. తర్వాత కెమెరా వెనక నుంచి మా బావ గొంతు.

"ఏందో ఒగటి మాట్లాడు పెద్దాయనా. ఎట్లాగూ పాటేస్తాం, ఎవురికీ వినబడదులే."

"అట్లయితే ఇంగొంచెం పాయసం ఎయ్యమని సెప్పప్పా. మా పాపకు మాత్రం తెలీనీవద్దు, సుగరని సంపుతాది."

అంతే, ముక్క అయిపోయింది. ఆమె మొదట పెద్దగా నవ్వేసింది. ఆ నవ్వు నవ్వుగానే ఏడుపులోకి తిరిగింది. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, పాయసం వేశారా అని మా బావను అడిగింది. వేశారమ్మా, రెండు తూర్లు, అన్నాడు ఆయన. గుర్తుండి చెప్పాడో, అప్పటికప్పుడు కల్పించాడో నేనెప్పుడూ అడగలేదు.

కెమెరా పట్టినవాడి గొంతు వీడియోలో పడడం మా పనిలో తలవంపులు. మా బావ సిగ్గుపడిపోయి, తన గొంతు కత్తిరించి ఆమెకు పెద్దాయన మాట వరకే ఇమ్మన్నాడు. నేను మౌస్ పట్టుకుని, సరిగ్గా ఎక్కడ కత్తిరించాలో గీత కూడా పెట్టేశాను.

"ఉండనీన్నా" అంది ఆమె. "నువ్వు అడగబట్టే కదా మా నాయన పలికింది."

సరేనని మొత్తం ఆమె ఫోనులోకి ఎక్కించాను. కుప్పం డిస్కు ఆ వానాకాలంలోనే చచ్చిపోయింది.

పోయినేడు మా బావ పోయాడు. కర్మంతరాలు అయ్యాక మా అక్క నన్ను పిలిచి, ఆయన మాట ఎక్కడైనా ఉందేమో చూడరా అంది. ఉన్న డిస్కులన్నీ కొత్త ల్యాప్‌టాప్‌కు తగిలించి చూశాను. అన్నీ పెళ్ళిళ్ళే, అన్నీ పాటలే. పాట వెయ్యని అసలు ముక్కల్లో కూడా ఆయన గొంతు లేదు. ఇంతమంది పెళ్ళిళ్ళు తీసిన మనిషి, తన గొంతు ఎక్కడా పడకుండా ఎంత జాగ్రత్తపడ్డాడో అప్పుడు తెలిసింది. చివరికి కుప్పానికి ఫోన్ చేశాను. ఎలా అడగాలో తెలియక తడబడుతుంటే, ఆమెకు నేను చెప్పకుండానే అర్థమైంది.

"పంపిస్తా నాయనా. ఇద్దురూ ఉండారు దాంట్లో" అంది.

మా అక్క దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. 'ఎవురికీ వినబడదులే' అన్న చోట ఆపి, మళ్ళీ మొదటి నుంచి పెడుతుంది. పక్కన కూర్చుని నేను, ఆనాడు మౌస్ పట్టుకుని తయారుగా కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలచుకుని నవ్వుకుంటాను. కత్తిరించమంటే చాలా శుభ్రంగా కత్తిరించేవాడు వెధవ, పనిలో అంత నేర్పరి.